రెడ్ లిస్ట్‌లో నత్తగుల్ల క్షేమమే అంటున్నారు, మరి మన చేలల్లో ఏమైపోయింది?

మాగాణి

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టా, మూడు తరాలుగా వరి సాగు. సార్వా నాట్లు మొదలయ్యాయంటే బోదెల్లో, గట్ల పక్కన నత్తగుల్లలు గుత్తులు గుత్తులుగా ఉండేవి. పిల్లలు బకెట్లకు ఏరుకొచ్చేవాళ్ళు, బాతుల వాళ్ళు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు, అయినా తరిగేవి కాదు. ఇప్పుడు మా కాలువ కింద చేలల్లో వెతికినా పెద్ద గుల్ల కనిపించడం అరుదైపోయింది. చిన్న చిన్న నత్తలు మాత్రం ఉన్నాయి, అవి వేరే రకాలు అనుకుంటా.

మా అబ్బాయి ఫోన్‌లో ఐయూసీఎన్ రెడ్ లిస్ట్, అదే ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే ప్రపంచ జాబితా, చూపించాడు. నత్తగుల్ల శాస్త్రీయ నామం పైలా గ్లోబోసా అట, దాని పక్కన లీస్ట్ కన్సర్న్ (ముప్పు అతి తక్కువ) అని ఉంది. అంటే భయపడాల్సిన పని లేదనే కదా? నా కళ్ళకు కనిపించేది నమ్మాలా, ఆ పేజీని నమ్మాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జువాలజీ మాస్టారు

మాగాణి గారూ, ముందు ఆ జీవి గురించి నాలుగు మాటలు చెబుతాను. మీ ప్రశ్నకు సగం జవాబు దాని బతుకులోనే ఉంది.

పైలా గ్లోబోసాను శాస్త్రీయంగా వర్ణించింది 1822లో, స్వైన్సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త. కుటుంబం యాంపుల్లారిడే. వాడుకలో ఆపిల్ నత్తలు అంటారు. భారత్, నేపాల్, బంగ్లాదేశ్‌లలో విస్తారంగా ఉంది. దీనికి దగ్గరి చుట్టం పైలా వైరెన్స్ దక్షిణ భారతంలో ఎక్కువ. మన చేలల్లో మీరు చూసినవి ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు, గుల్ల రంగు చూసి మాత్రం తేల్చకండి.

దీని ప్రత్యేకత ఊపిరి తీసుకునే పద్ధతి. ఒంట్లో కుడిపక్కన మొప్ప ఉంటుంది, ఎడమపక్కన గాలి పీల్చే ఊపిరితిత్తి ఉంటుంది. నీళ్ళలో ఉన్నప్పుడు మొప్పతో, నీటిలో ప్రాణవాయువు తగ్గితే ఎడమవైపున్న గొట్టంలాంటి భాగాన్ని నీటి పైకి చాపి నేరుగా గాలిని పీలుస్తుంది. అందుకే చేపలు తేలిపోయే కుంటల్లో కూడా ఇది బతుకుతుంది. గుల్ల ఉంది కాబట్టి నీళ్ళు శుభ్రం అనుకోకూడదు, ఆ లెక్క దీనికి పనికిరాదు.

ఆడ, మగ వేరువేరు. వానలు పడ్డాక జతకట్టి, గట్టు పక్కన తడిమట్టిలో చిన్న గుంటలాంటి చోట వందల సంఖ్యలో తెల్లటి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీళ్ళలో పెట్టదు, గుర్తుంచుకోండి. లార్వా దశ ఏమీ లేకుండా గుడ్డులోంచి నేరుగా బుల్లి నత్తే బయటికి వస్తుంది.

వేసవిలో నీళ్ళు ఇంకిపోతుంటే బురదలోకి దిగి, కాలును లోపలికి లాక్కుని, మూత బిగించుకుని నెలల తరబడి పడి ఉంటుంది. ఆ మూత సున్నపు పదార్థంతో కట్టినది, గట్టిగా ఉంటుంది. మళ్ళీ తడి తగిలితేనే కదులుతుంది. అంటే దీనికి రెండు ఇళ్ళు: వానాకాలం నీళ్ళు, వేసవికాలం మట్టి. మనం నీళ్ళ గురించే మాట్లాడుకుంటాం, మట్టి ఇల్లు ఎవరికీ గుర్తురాదు.

రెడ్ లిస్ట్ సంగతి మళ్ళీ రాస్తాను, క్లాసుకు టైమవుతోంది.

రెక్కల లెక్క

పక్షుల వైపు నుంచి నాదొక మాట. నత్తగుల్ల కొంగను చూసినవాళ్ళకు ఈ గుల్ల విలువ వెంటనే అర్థమవుతుంది. మన దగ్గర ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ ఇదే. పిల్లకొంగలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. దాని ప్రధాన ఆహారం పైలా నత్తలే.

ముక్కు సందులో గుల్లను పెట్టి పటుక్కున పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. గుల్లను పై ముక్కుతో నేలకు అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు కొనను మూత పక్కనుంచి దూర్చి, లోపలి కండరాన్ని కోసి, మాంసాన్ని బయటికి లాగుతుంది. అది తిని వదిలేసిన గుల్లలు చాలావరకు పగలకుండానే ఉంటాయి. గట్ల మీద చెక్కుచెదరని ఖాళీ గుల్లలు కుప్పగా కనిపిస్తే దాని పనేమోనని చూడండి.

శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, నేలపట్టు, కొల్లేరు, ఇలా ఈ కొంగలు చేరే చోట్లన్నీ మనకు తెలిసినవే. గూళ్ళు కట్టిన చెట్లను ఊళ్ళవాళ్ళు ప్రేమగా కాపాడుతున్నారు, చాలా గొప్ప విషయం. కానీ పిల్లలకు మేత తెచ్చేది ఆ చెట్ల చుట్టూ ఉన్న వరిచేలు, కుంటల నుంచి. చెట్టును కాపాడి చేనును వదిలేస్తే సరిపోదని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. కొంగ కూడా రెడ్ లిస్ట్‌లో లీస్ట్ కన్సర్నే. తినేదీ క్షేమం, తినబడేదీ క్షేమం. ఊళ్ళో మాత్రం రెండూ తగ్గుతున్నాయంటారు. ఈ చిక్కు ఎవరైనా విప్పాలి.

కొల్లేటి గాలి

చిక్కు విప్పడానికి కొల్లేరు చరిత్ర కొంత పనికొస్తుంది. మంచినీటి రొయ్య, అదే నీలకంఠ రొయ్య, సాగు ఊపుమీద ఉన్న రోజుల్లో మేత కోసం కొల్లేటి నుంచి నత్తల్ని టన్నుల్లో తీసేవారు. పడవల్లో తెచ్చి, గుల్ల పగలగొట్టి, మాంసాన్ని చెరువులకు తోలేవారు. చాలామంది ఆడవాళ్ళకు అదే కూలి పని. మిగిలిన గుల్లలు సున్నపు బట్టీలకు పోయేవి. తర్వాత ఫ్యాక్టరీ గుళికల మేత వచ్చింది, వనామీ అనే వేరే రకం రొయ్య వచ్చింది, ఆ గిరాకీ తగ్గింది.

కానీ ఈలోగా నత్త ఉండే చోటే మారిపోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా దాదాపు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు లోపల చేపల చెరువుల గట్లు లేచిపోయాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని కొట్టేశారు, ఆ తర్వాత మళ్ళీ కొన్ని లేచాయి. బుడమేరు, తమ్మిలేరు పైనుంచి తెచ్చే మురుగు ఒకపక్క, వేసవిలో ఉప్పుటేరు నుంచి ఎగదన్నే ఉప్పునీరు ఇంకోపక్క. ఇది మంచినీటి నత్త, ఉప్పు పెరిగేకొద్దీ దానికి చోటు తగ్గుతుంది.

కాబట్టి ఏరడం వల్ల తగ్గిందా, చోటు పోవడం వల్ల తగ్గిందా అంటే నేను రెండోదే అంటాను. ఏరినవి వానలొస్తే మళ్ళీ పుంజుకోవచ్చు. గట్టు కట్టేసిన చోట వాన వచ్చినా లాభం లేదు.

రొయ్యల రాజు

మాట్లాడితే చెరువుల మీదకే వస్తారేంటండీ. మా డ్రెయిన్‌లో గుర్రపుడెక్క కింద చెయ్యి పెడితే నత్తలే నత్తలు. చెరువుల వల్లే పోతే అక్కడెందుకున్నాయి? వరిలో కొట్టే మందుల సంగతి ఎవరూ మాట్లాడరు.

కొల్లేటి గాలి

రాజు గారూ, మిమ్మల్ని వేలెత్తి చూపడం లేదు. మీ డ్రెయిన్‌లో ఉన్నాయంటే అది మంచి సమాచారం. కానీ పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి, సున్నం, బ్లీచింగ్ వేస్తారు కదా? ఆ చెరువు అడుగు మట్టిలో వేసవికి నిద్రపోయే నత్త ఒక్కటైనా మిగులుతుందా?

రొయ్యల రాజు

మిగలదు. మిగలకూడదనే వేస్తాం, లేకపోతే చెరువులో జబ్బులు. అది మాకు తప్పదు. కాకపోతే చెరువు బయట బోదె, డ్రెయిన్ గట్టు మాకు అడ్డం కాదు, అక్కడ ఉంటే ఉండనివ్వండి. నేనైతే ఆ గట్ల మీద గడ్డిమందు కొట్టించడం మానేయగలను, అంతవరకు చెప్పగలను.

జువాలజీ మాస్టారు

రాజు గారు చెప్పిన చివరి మాట చాలా పనికొచ్చేది, మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు రెడ్ లిస్ట్. అది ఒక జాతి భూమ్మీద నుంచి పూర్తిగా పోయే ప్రమాదం ఎంత అని కొలిచే పద్ధతి. మీ ఊళ్ళో ఉందా లేదా అని చెప్పేది కాదు. ఒక జాతిని వల్నరబుల్ (ముప్పు మెట్లలో మొదటిది) అనాలంటే, మొత్తం సంఖ్య పదేళ్ళలో లేదా మూడు తరాల కాలంలో, రెండిట్లో ఏది ఎక్కువైతే దానిలో, కనీసం 30 శాతం పడిపోయి ఉండాలి. లేదా అది ఉండే ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల లోపుండి, ఆ చోటు ముక్కలైపోవడం, తగ్గుతూ ఉండటం లాంటి లక్షణాలు కూడా కనిపించాలి. దాని పై మెట్టు ఎన్‌డేంజర్డ్‌కు 50 శాతం, 5,000 చదరపు కిలోమీటర్లు. ఆ పైది క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్‌కు 80 శాతం, 100 చదరపు కిలోమీటర్లు. ఇంకా వేరే కొలతలూ ఉన్నాయి, ముఖ్యమైనవి ఇవి.

గంగా మైదానం నుంచి మన దాకా లక్షల చదరపు కిలోమీటర్లలో ఉన్న నత్త ఈ జల్లెడలో లీస్ట్ కన్సర్న్‌గానే మిగులుతుంది. అందులో తప్పు లేదు. కృష్ణా డెల్టాలో సగం కాలువల కింద అది మాయమైనా ఆ పేజీలో అక్షరం మారకపోవచ్చు. పైగా 30 శాతం తగ్గిందో లేదో చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు లెక్కపెట్టి ఉండాలి. పులులకు లెక్కలున్నాయి, కొంగలకు కొంతవరకు ఉన్నాయి. వరిచేలో నత్తల్ని ఏటేటా, ఒకే చోట, ఒకే పద్ధతిలో లెక్కపెట్టేవాళ్ళు ఎంతమంది? లెక్కే లేనప్పుడు తగ్గుదల కాగితం మీదకు ఎలా వస్తుంది?

మాగాణి గారూ, అందుకే మీ కళ్ళనూ నమ్మండి, ఆ పేజీనీ నమ్మండి. రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. అంచనా వేసిన ఏడాది కూడా అదే పేజీలో ఉంటుంది, ఆ తర్వాత మీ చేలల్లో ఏం మారిందో పక్కన పెట్టి చూడండి.

సహ్యాద్రి బాట

మాస్టారు చెప్పిన దానికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న నత్తల గురించి చెప్పాలనిపించింది. పడమటి కనుమల్లో క్రెమ్నోకాంకస్ అనే నత్తల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఉంది. దాని బంధువులంతా సముద్రపు ఒడ్డు రాళ్ళ మీద బతికే లిట్టొరినిడే కుటుంబం నత్తలు. ఇదొక్కటే మంచినీటికి వచ్చింది, అది కూడా జలపాతాల పక్కన నీటి తుంపర్లు పడే కొండరాళ్ళ మీదకు. మహారాష్ట్రలో మూడు జాతులే తెలుసనుకుంటుండగా 2013లో కర్ణాటక వైపు కనుమల నుంచి ఆరు కొత్త జాతుల్ని వర్ణించారు. మొత్తం తొమ్మిది. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

ఇలాంటి నత్తకు ఒక వాగు మళ్ళించినా, ఒక జలపాతం పక్కన రోడ్డు వేసినా ముప్పే. నిధులు, శ్రద్ధ ముందు వీటికి వెళ్ళాలి అనేది నా అభిప్రాయం. పైలా లాంటి సర్వసాధారణ జీవి మీద అంత టెన్షన్ పడాలా అని నిజంగానే అడుగుతున్నాను.

రెక్కల లెక్క

పడాలి అంటాను. క్రెమ్నోకాంకస్ పోతే ప్రపంచం ఒక వంశాన్ని కోల్పోతుంది, ఒప్పుకుంటాను, దానికి ముందు వరుసలో చోటివ్వాల్సిందే. కానీ పైలా తగ్గితే దాని మీద బతికేవన్నీ తగ్గుతాయి. కొంగలు, బాతులు, నీటికోళ్ళు, పొలాల్లో ఏరుకుని కూర వండుకునే కుటుంబాలు. ఇవన్నీ ఆధారపడేది ఆ జాతి ఎక్కడో ఉండటం మీద కాదు, దండిగా ఉండటం మీద. దండిగా ఉండటం పోయాక జాతి మిగిలినా కొంగ పిల్లకు మేత దొరకదు.

ఓరుగల్లు చెరువు

మా దగ్గర కాలువలు తక్కువ, గొలుసుకట్టు చెరువులు ఎక్కువ. మాస్టారు చెప్పిన మట్టి ఇల్లు అనే మాట చదివాక ఒకటి తట్టింది. చెరువుల పూడిక తీసేది ఎప్పుడు? నిండు వేసవిలో, నీళ్ళు అడుగంటినప్పుడు. నత్త నిద్రపోయేది కూడా అప్పుడే, ఆ మట్టిలోనే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల్ని లక్ష్యంగా పెట్టుకుంది. పూడికతీత కావాల్సిందే, నీళ్ళు నిలిస్తే రైతుకే కాదు, నత్తకూ మేలే. మట్టిని చేలకు తోలడం కూడా మంచిదే, దాంతోపాటు కొన్ని నత్తలు మాగాణిలోకి చేరి బతికినా బతకొచ్చు. కానీ ఒక చెరువు అడుగంతా ఒకే వేసవిలో గీకేస్తే ఏమవుతుంది? ఒక మూల, శిఖం (చెరువు నీళ్ళు పరుచుకునే నేల) వైపు ఒక పట్టీ తాకకుండా వదిలితే ఖర్చేమీ పెరగదు కదా. మాస్టారూ, ఇది సరైన ఆలోచనేనా?

జువాలజీ మాస్టారు

సరైన ఆలోచనే. వదిలిన పట్టీలో పెద్దవి కొన్ని బతికితే చాలు, ఒక్కో ఆడనత్త వందల గుడ్లు పెడుతుంది కాబట్టి తిరిగి నిండే అవకాశం ఉంటుంది. ఇంకో సంగతి, గట్టు. రాతికట్టు, కాంక్రీటు లైనింగు వేసిన అంచున తడిమట్టి ఉండదు, గుడ్లు పెట్టే చోటు పోతుంది. కాలువ మొత్తానికి లైనింగు తప్పదంటే పక్క బోదెల్నైనా మట్టి గట్లతో ఉంచాలి. రాజు గారు గడ్డిమందు మానేస్తానన్న డ్రెయిన్ గట్టు సరిగ్గా ఇలాంటిదే.

పశువుల డాక్టరమ్మ

పాడి రైతులు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి చెబుతున్నాను. నత్తల వల్ల పశువులకు కార్జపు జలగ వస్తుందని విని, కనిపించిన నత్తనల్లా చంపాలని మైలుతుత్తం పోసేవాళ్ళున్నారు. దయచేసి ఆపండి. ఆ జలగకు మధ్యలో ఆశ్రయమిచ్చేవి లిమ్నియా జాతి నత్తలు, సన్నగా, పలచటి గుల్లతో, మూత లేకుండా ఉంటాయి. బిళ్ళలా చుట్టుకున్న ఇండోప్లానోర్బిస్ నత్త పశువుల్లో ముక్కు గురక తెప్పించే సిస్టోసోమ్ పరాన్నజీవిని మోస్తుంది. మూత ఉన్న పెద్ద ఆపిల్ నత్త కార్జపు జలగను మోసేది కాదు. మైలుతుత్తం పోస్తే నత్తలతో పాటు చేప పిల్లలూ పోతాయి. పశువుకు వేళకు మందు తాగించడం, నత్తలున్న కుంటల అంచు గడ్డి మేపకపోవడం సరైన దారి.

మనుషులకు ఒక జాగ్రత్త. నత్తలు తినేవాళ్ళు బాగా ఉడికించి తినండి. ఆపిల్ నత్తల్లో కూడా ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక పురుగు పిల్లదశలో ఉండే అవకాశం ఉంది. పచ్చిగా, సగం ఉడికించి తింటే అది మెదడు పొరల వాపు తెప్పిస్తుంది. ఏరేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు చేతులు కడుక్కోవడం మర్చిపోవద్దు.

చిన్ని_బీఎస్సీ

నమస్తే మేడమ్, నమస్తే మాస్టారూ. మా ఫ్రెండ్ అక్వేరియంలో పసుపు రంగు ఆపిల్ నత్తలున్నాయి. అవి అద్దం మీద, నీళ్ళకు పైన గులాబీ రంగు గుడ్లు పెట్టాయి. పైలావి తెల్లగా, మట్టిలో ఉంటాయన్నారు కదా? వాళ్ళు ఎక్కువైపోయాయని ఊరి చెరువులో వదిలేద్దామనుకుంటున్నారు. వదలొచ్చా?

జువాలజీ మాస్టారు

వద్దమ్మా, అస్సలు వదలనివ్వకు. అవి మన పైలా కావు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పొమాసియా. అదే కుటుంబం, వేరే ప్రజాతి. అందులో పొమాసియా కెనాలిక్యులాటా ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జీవుల జాబితాలో ఉంది. 1980 ప్రాంతంలో తిండి కోసం తైవాన్‌కు తెచ్చారు, అక్కడినుంచి ఆసియాలో వరి పండే దేశాలకు పాకి లేత నాట్లను తినేస్తోంది. దాని నాలుక మీద ఆకురాయిలాంటి పళ్ళ వరుసలుంటాయి, లేత వరి కాడ దానికి లెక్కే కాదు. అక్వేరియంలో అమ్మేవాటిలో వేరే పొమాసియా జాతులూ ఉంటాయి, ఏదైనా సరే చెరువుకు వద్దు.

తేడా తెలుసుకోవడానికి మూత చూడు. పైలా మూత రాయిలా గట్టిగా, సున్నపు పూతతో ఉంటుంది. పొమాసియా మూత గోరులా పలచగా, కొద్దిగా వంగుతుంది. కెనాలిక్యులాటా గుల్ల మీద మెలికల మధ్య గాడి లోతుగా ఉంటుంది. గులాబీ గుడ్లను నీళ్ళలో పడేలా గీకకుండా, గీకి బయట నలిపేయమను. గ్లవ్స్ వేసుకోమను, ఆ గుడ్లలో విషపదార్థాలుంటాయి.

మాగాణి

చదువుతుంటే చాలా విషయాలు తెలిశాయి. ఒక సందేహం. నత్తలు ఏరడం మీద చట్టం ఏమైనా ఉందా? మా ఊళ్ళో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఏరుకుని తింటాయి, వాళ్ళకు ఇబ్బంది రాకూడదు.

కొల్లేటి గాలి

సొంత చేలో, ఊరి కుంటలో కూరకు ఏరుకునేవాళ్ళ గురించి భయం అక్కర్లేదు. అభయారణ్యం లోపల సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అక్కడి ఏ జీవినీ తీసుకుపోకూడదు, వాటి ఆవాసాన్ని పాడుచేయకూడదు, నీళ్ళ పారుదలను మళ్ళించకూడదు. అందులో ఆవాసం గురించి ఉన్న భాగమే నత్తకు అసలు రక్ష. తిండికి ఏరుకునే ఆడవాళ్ళను ఆపి, గట్టు కట్టే పొక్లెయిన్‌ను వదిలేస్తే ఆ సెక్షన్ ఉన్నా లేనట్టే.

మాగాణి

సరే. మరి లెక్కలు లేవన్నారు కదా, మేము మొదలుపెడితే పనికొస్తుందా? ఎలా చేయాలి?

జువాలజీ మాస్టారు

తప్పకుండా పనికొస్తుంది. ఏటా నాట్లు పూర్తయ్యాక అవే బోదెలు, అదే పొడవు, అదే సమయం తీసుకుని, బతికున్నవి, ఖాళీ గుల్లలు విడివిడిగా రాయండి. గుల్లను నోరు వైపు, వెనక వైపు, పైన కొన వైపు ఫొటో తీయండి. మూత ఫొటో విడిగా. గుడ్లు కనిపిస్తే రంగు, నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో రాయండి. ఆ బోదె మట్టిదా లైనింగ్‌దా, దగ్గర్లో ఏ మందు ఎప్పుడు కొట్టారు, వేసవిలో అక్కడ దుక్కి దున్నారా, ఇవి చాలా ముఖ్యం. ఒక్కటీ దొరకని చోటు కూడా రాయాలి, సున్నా అని. చాలామంది సున్నాల్ని వదిలేస్తారు. తగ్గుదల బయటపడేది వాటితోనే.

రొయ్యల రాజు

మా డ్రెయిన్ కూడా రాసుకోండి. అక్కడ సున్నా రాదు.

మాగాణి

రాజు గారూ, మీ డ్రెయిన్, మా బోదె రెండూ పెడదాం. మాస్టారూ, ఖాళీ గుల్లకు మూత లేకపోతే పైలానా పొమాసియానా ఎలా రాయాలి?

జువాలజీ మాస్టారు

పేరు రాయకండి. ఫొటో పెట్టి, మూత లేదు అని మాత్రం రాయండి. జాతి పేరు తర్వాత చూసుకుందాం, ఊహించి రాస్తే ఆ లెక్కంతా పాడవుతుంది.